స్పెయిన్ ప్రయాణానికి పెట్టె సర్దుకుంటూ నేర్చుకోవలసిన స్పానిష్

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: మీ అమ్మాయి వాలెన్సియాలో పీజీ చదువుతోంది. సెప్టెంబరులో మీరూ మీవారూ వెళ్లి మూడు నెలలు ఉండబోతున్నారు. యాప్‌లో స్పానిష్ మొదలుపెట్టి బాగానే సాగారు గానీ ప్రయాణం, సామాను పాఠం దగ్గర బండి ఆగిపోయింది. వంద మాటల పట్టిక చదివితే సాయంత్రానికి పది కూడా నిలవడం లేదు. పైగా యాప్ పెట్టెను ‘మలేత’ అంటోంది, యూట్యూబ్‌లో అర్జెంటీనా పంతులమ్మ ‘బలీహ’ అంటోంది. దేన్ని నేర్చుకోవాలి, ఎలా నేర్చుకోవాలి అని.

నేను హైదరాబాద్‌లో స్పానిష్ పాఠాలు చెబుతాను. అంతకుముందు కొన్నేళ్లు వాలెన్సియాలోనే ఉన్నాను. అందుకని కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

ముందుగా ఒక సంగతి. పెట్టె మీరు గుంటూరులో సర్దుతారు, తెలుగులోనే సర్దుతారు. ఆ వేళ స్పానిష్‌తో ఎవరికీ పని లేదు. ఈ మాటలు అక్కరకొచ్చేది తర్వాత: కౌంటరులో బరువు ఎక్కువైందన్నప్పుడు, సెక్యూరిటీ వాళ్లు సంచి తెరవమన్నప్పుడు, దిగాక పెట్టె రానప్పుడు, ఇంటికెళ్లి విప్పితే చార్జరు కనబడనప్పుడు. అందుకే వస్తువుల పేర్లు ఒకదాని కింద ఒకటి బట్టీపట్టడం దండగ అంటాను. పట్టికలో మఫ్లరు ఉంటుంది, చేతి గ్లవుజులుంటాయి. సెప్టెంబరు వాలెన్సియాలో ఆ రెండింటితో ఏం చేస్తారు? మీ పెట్టెలోకి నిజంగా వెళ్లే వస్తువు, దానితో పాటు అది పోయినా పట్టకపోయినా అనవలసిన ఒక చిన్న వాక్యం, ఈ రెండూ జంటగా నేర్చుకోండి.

ఉచ్చారణతో మొదలుపెడదాం. ఇక్కడ తెలుగువాళ్లకు పుట్టుకతో వచ్చిన ఆస్తి చాలా ఉంది, ఇంగ్లీషు అలవాటు వల్ల దాన్ని పారేసుకుంటున్నాం. స్పానిష్ అచ్చులు ఐదే: అ, ఎ, ఇ, ఒ, ఉ. ఎక్కడ పడినా అవే, ఇంగ్లీషులోలాగా రంగులు మార్చవు. స్పానిష్ ‘త’, ‘ద’ మన త, ద లే. కాబట్టి ‘మలేటా’ అనకండి, ‘మలేత’ అనండి. ‘కర్గడోర్’ కాదు, ‘కర్గదోర్’. తలకట్టు మీద చిన్న అలలాంటి గీత ఉన్న ‘ఎన్’ అక్షరం మన ఞ. మనం వర్ణమాలలో చదివి వదిలేసే ఆ అక్షరానికి అక్కడ రోజూ పనే. ‘హెచ్’ పలకదు. ‘జె’ అని కనిపిస్తే గొంతులో కాస్త గీరుకునే హ. ‘వి’, ‘బి’ రెండూ బ లాగే వినిపిస్తాయి. రెండు ‘ఎల్’లు కలిసి వస్తే య. మాట మొదట్లో వచ్చే ‘ఆర్’ను బండి ర లాగా నాలుక అదిలించి అనాలి.

ఇక ఈ జవాబులో నేను ‘థ’ అని రాసిన చోటల్లా నాలుక కొసను పళ్ల మధ్య పెట్టి, ఇంగ్లీషువాళ్లు థాంక్యూ అన్నట్టు గాలి వదలాలి. స్పెయిన్‌లో చాలా చోట్ల అలా పలుకుతారు. రాకపోతే నిక్షేపంగా ‘స’ అనేయండి. లాటిన్ అమెరికా మొత్తం అలాగే అంటుంది, వాలెన్సియాలో ఎవరూ వింతగా చూడరు.

ఇప్పుడు ‘మలేత’నా ‘బలీహ’నా అన్నది. మీరు వెళ్లేది స్పెయిన్ కాబట్టి స్పెయిన్ మాటలే నేర్చుకోండి, మిగతావి కళ్లు మూసుకుని వదిలేయండి. ‘మలేత’ను ఏ దేశంలోనైనా అర్థం చేసుకుంటారు. పెట్టెలోకి వెళ్లేవాటిలో దేశదేశానికీ మారేవి చాలావరకు బట్టల పేర్లే. టీషర్టు స్పెయిన్‌లో ‘కమిసేత’, మెక్సికోలో ‘ప్లయేర’, అర్జెంటీనాలో ‘రెమేర’, చిలీలో ‘పొలేర’, పెరూలో ‘పోలొ’. స్వెట్టరు స్పెయిన్‌లో ‘హెర్సేయ్’, పెరూలో ‘చోంప’. స్పెయిన్‌లో ‘చకేత’ అంటే మామూలు జాకెట్టు. అదే మాటకు మెక్సికోలో బూతు అర్థం ఉంది, అక్కడ ‘చమార్ర’ అంటారు. బస్సు ఎక్కడానికైనా పెట్టె అందుకోవడానికైనా స్పెయిన్‌వాళ్లు వాడే ‘కొహేర్’ అన్న క్రియ మెక్సికోలోనూ అర్జెంటీనాలోనూ నలుగురిలో అనగూడనిది. మీకు ఆ గొడవ లేదు గానీ, ఐటీ ఉద్యోగాల మీద మెక్సికో వెళ్లే మన పిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే గుర్తుపెట్టుకోండి.

సర్దడం అన్న పనికి స్పెయిన్‌లో ‘అథేర్ లా మలేత’ అంటారు, పెట్టె ‘చేయడం’ అన్నమాట. విప్పి బట్టలు బయట పెట్టడం ‘దెసఅథేర్ లా మలేత’. మొత్తం సామానుకు ‘ఎకిపాహె’. ఈ మాట మన ‘సామాను’ లాంటిదే, మామూలుగా ఏకవచనంలోనే నడుస్తుంది. చేతి సామాను ‘ఎకిపాహె దె మానొ’. పెట్టెను విమానం కడుపులోకి అప్పగించడం ‘ఫక్తురార్’. కౌంటరులో ‘కియేరొ ఫక్తురార్ దోస్ మలేతస్’ అంటే రెండు పెట్టెలు చెకిన్ చేయాలి అని. వీపు సంచి ‘మొచీల’. ఆడవాళ్ల చేతి సంచి ‘బోల్సొ’, కూరల సంచి ‘బోల్స’. కొసలో ఒక్క అచ్చు తేడా, కాబట్టి చెవి పెట్టి వినండి. పర్సు ‘కర్తేర’. బ్రష్షూ పేస్టూ పెట్టుకునే చిన్న సంచి ‘నెథెసేర్’.

నామవాచకాల కంటే ముందు నాలుగైదు క్రియలు పట్టుకోండి. ‘యెబార్’ ఒక్కటి వస్తే సగం పని అయినట్టే. ‘యేబొ’ అంటే నా దగ్గర ఉంది, పట్టుకెళ్తున్నాను. ఒంటి మీద వేసుకున్నదానికీ అదే మాట: ‘యేబొ గాఫస్’, కళ్లజోడు పెట్టుకుంటాను. తినే వస్తువులో ఏం కలిసిందో చెప్పడానికీ అదే: ‘నొ యేబ కార్నె’, ఇందులో మాంసం లేదు. లోపల పెట్టడం ‘మెతేర్’, బయటికి తీయడం ‘సకార్’, బరువు తూగడం ‘పెసార్’, పట్టడం ‘కబేర్’. ‘నొ కాబె’ అంటే పట్టట్లేదు. మీవారు ప్రెషర్ కుక్కరును పెట్టెలోకి తోస్తున్నప్పుడు ఈ ముక్క చాలాసార్లు అనవచ్చు. స్పెయిన్‌లో కుక్కరును ‘ఓయ ఎక్స్‌ప్రేస్’ అంటారు, అక్కడా దొరుకుతుంది.

ఇక ఏ పాఠ్యపుస్తకమూ తెలుగువాళ్ల కోసం చెప్పని సంగతి. ఇంగ్లీషు మీదుగా స్పానిష్ నేర్చుకునేవాళ్లు ‘మె గూస్త’ దగ్గర తికమకపడతారు. మనకు అది అమ్మ నేర్పిన వాక్యమే: ‘నాకు నచ్చింది’. నేను అన్నది కర్త కాదు, నచ్చిన వస్తువే కర్త. స్పానిష్‌లో ప్రయాణానికి కావలసిన మాటల్లో పెద్ద భాగం ఇదే మూసలో ఉంది. ‘మె ఫాల్త ఎల్ కర్గదోర్’ అంటే నాకు చార్జరు తక్కువైంది. తక్కువైనవి ఎక్కువ వస్తువులైతే ‘మె ఫాల్తన్ లాస్ పస్తీయస్’, మాత్రలు కనబడట్లేదు. క్రియ వస్తువును బట్టి మారుతుంది, మిమ్మల్ని బట్టి కాదు. ‘మె ఆథె ఫాల్త ఉన్ అదప్తదోర్’ అంటే నాకు అడాప్టర్ కావాలి. ‘మె దుయేలె లా కబేథ’, నాకు తల నొప్పిగా ఉంది. బట్టల కొట్లో ‘మె కేద గ్రాందె’, నాకు వదులైంది. ‘నొ మె కాబె’, నా సంచిలో పట్టట్లేదు. ఇంగ్లీషులో అనుకుని తర్జుమా చేసుకుంటే ఇవి కొరుకుడు పడవు. తెలుగులో అనుకుంటే వరస దానంతటదే కుదురుతుంది. మా క్లాసులో ఇంగ్లీషు మీడియం పిల్లల కంటే రిటైరైన తెలుగు మాస్టార్లు ఈ పాఠం చప్పున పట్టేస్తారు.

దీనికి తోడు ఇంకో మూస ఉంది. మనం ‘పెట్టె పగలగొట్టాను’ అనం, ‘పెట్టె పగిలిపోయింది’ అంటాం. స్పానిష్‌వాళ్లూ అంతే: ‘సె మె ఆ రోతొ లా మలేత’. ‘సె మె ఆ కయీదొ’, చేతిలోంచి జారి పడింది. ‘సె మె ఆ ఒల్బిదాదొ ఎల్ కర్గదోర్’, చార్జరు మరిచిపోయాను, నిజానికి అది నా మతిలోంచి జారిపోయింది అన్నట్టు. తప్పు తన మీద వేసుకోకుండా పని జరిగిపోయిందని చెప్పే ఈ పద్ధతి మనకు కొత్తేమీ కాదు. ‘సె మె ఆ’ అన్న మూడు ముక్కలు నోట్లో ఆడేదాకా అనండి, తర్వాత ఎన్నిటికో పనికొస్తుంది.

లింగం గురించి బెంగ వద్దు. తెలుగులో వస్తువులన్నీ ‘అది’ కాబట్టి మనకు ఇది కొత్త. ఉర్దూ, హిందీ వచ్చినవాళ్లకు అలవాటే. మాటను ఒంటరిగా కాకుండా ముందున్న ‘ఎల్’, ‘లా’తో కలిపి ఒకే మాటలా నేర్చుకోండి: ‘లామలేత’, ‘ఎల్‌పసపోర్తె’. ‘ఆహె’తో ముగిసేవి పురుషలింగం: ‘ఎల్ ఎకిపాహె’, ‘ఎల్ బియాహె’. ‘మానొ’ మాత్రం ‘ఒ’తో ముగిసినా స్త్రీలింగం. తప్పు చెప్పినా కొంపలేమీ మునగవు, అర్థమవుతుంది. ఒక్క చోట మాత్రం జాగ్రత్తపడాలి, పెట్టె రంగు చెప్పే చోట. దాని గురించి కింద రాశాను.

కొన్ని మాటలు మీకు ముందే తెలుసు, తెలుసని తెలియదు అంతే. మన సబ్బు, తువ్వాలు, అల్మారా పోర్చుగీసు ఓడల్లోనో, అరబ్బీ, ఉర్దూల మీదుగానో వచ్చినవి. పోర్చుగీసు స్పానిష్‌కు తోబుట్టువు. అందుకే సబ్బు అక్కడ ‘హబోన్’, తువ్వాలు ‘తొఆయ’, అల్మారా ‘అర్మారియొ’. తెలంగాణలో తాళంచెవిని చాబీ అంటారు, స్పానిష్‌లో ‘యాబె’. కమీజు ‘కమీస’. చింతపండు ‘తమరీందొ’, అరబ్బీలో ‘హిందూదేశపు ఖర్జూరం’ అన్న మాట నుంచి వచ్చింది. మోసం చేసే మాటలూ ఉన్నాయి. ‘సోప’ అంటే సబ్బు కాదు, సూపు. ‘రోప’ తాడు కాదు, బట్టలు. ‘కర్పేత’ తివాచీ కాదు, కాగితాలు పెట్టుకునే ఫైలు. ఈ చివరిది మీకు కావాలి: వీసా కాగితాలు, బీమా, అమ్మాయి ఆహ్వాన పత్రం అన్నీ ఒక ‘కర్పేత’లో పెట్టి చేతి సంచిలో ఉంచుకోండి. వీసా అక్కడ ‘బిసాదొ’, బీమా ‘సెగూరొ’. షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలన్నది మీకు ఇప్పటికే ట్రావెల్ ఏజెంటు చెప్పి ఉంటారు. ఆ కాగితం దిగిన చోట అడిగినా అడగవచ్చు.

ఇప్పుడు సెక్యూరిటీ. ఇక్కడ మాట్లాడటం తక్కువ, వినడం ఎక్కువ. అదీ గబగబా అంటారు. ‘యేబ లీకిదొస్?’, ద్రవాలేమైనా ఉన్నాయా? ‘సాకె ఎల్ పొర్తాతిల్’, ల్యాప్‌టాప్ బయటికి తీయండి. ‘కీతెసె ఎల్ థింతురోన్’, బెల్టు తీసేయండి. ‘ఎన్ లా బందేహ’, ట్రేలో. ‘ఎస్ సూయ ఎస్త మలేత?’, ఈ పెట్టె మీదేనా? జవాబు ‘సీ, ఎస్ మీయ’. ‘లా ఆ ఏచొ ఉస్తేద్?’, మీరే సర్దారా? ‘సీ’. ‘ఆబ్రల, పొర్ ఫబోర్’, తెరవండి. ఇవి చదివి లాభం లేదు. మీ అమ్మాయిని వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా పంపమనండి, స్నేహితురాళ్లెవరైనా స్పెయిన్ పిల్లలుంటే వాళ్ల గొంతుతో అయితే మరీ మంచిది. పొద్దున్నే కాఫీ కలుపుతూ వినండి. ద్రవాలకు మామూలు నిబంధన 100 మిల్లీలీటర్లకు మించని సీసాలు, అన్నీ కలిపి 1 లీటరు పారదర్శక సంచిలో. పవర్‌బ్యాంకు, అంటే ‘బతెరీయ ఎక్స్తేర్న’, చెకిన్ పెట్టెలో పెట్టకూడదు, చేతి సామానులోనే ఉండాలి.

‘ఉస్తేద్’ అంటే మీరు, ‘తూ’ అంటే నువ్వు. విమానాశ్రయంలో, డాక్టరు దగ్గర, పెద్దవాళ్లతో మీరు ‘ఉస్తేద్’ వాడండి. కానీ వాలెన్సియాలో కొట్లో కుర్రాడు మిమ్మల్ని ‘తూ’ అంటే నొచ్చుకోకండి. అక్కడ అది చనువే తప్ప పొగరు కాదు. మీ అమ్మాయి స్నేహితులు కూడా అలాగే పిలుస్తారు.

ఊరగాయల సంగతి మీరు అడగలేదు గానీ అడుగుతారని తెలుసు. యూరోపియన్ యూనియన్ బయటి నుంచి సొంత సామానులో మాంసం, పాలు, వాటితో చేసినవి తీసుకురావడానికి వీల్లేదు. అంటే కోడి పచ్చడి, నెయ్యి, పాలకోవా ఇంట్లోనే వదిలేయాలి. 2019 డిసెంబరు 14 నుంచి తాజా పళ్లు, కూరలు, ఆకులకు కూడా మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. దీన్నుంచి మినహాయింపు ఐదింటికే: అనాస, కొబ్బరి, దురియన్, అరటి, ఖర్జూరం. కాబట్టి పెరట్లోని కరివేపాకు కట్ట కూడా వద్దు. ఆవకాయ తీసుకెళ్లవచ్చు, కానీ చెకిన్ పెట్టెలోనే, గట్టిగా సీలు చేసి. ఎవరైనా తెరిచి అడిగితే ఇలా చెప్పండి: ‘ఎస్ ఎంకుర్తీదొ దె మాంగొ. ఎస్ పికాంతె. నొ యేబ కార్నె ని లేచె. ఎస్ పార మీ ఈహ.’ మామిడి ఊరగాయ, కారంగా ఉంటుంది, మాంసం గానీ పాలు గానీ లేవు, మా అమ్మాయి కోసం. ఈ నాలుగు ముక్కలూ కంఠతా పట్టండి, ఎందుకంటే ఆ ఎర్రటి నూనె చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. బియ్యం మోయకండి. వాలెన్సియా పక్కనే ఉన్న అల్బుఫేర మడుగు చుట్టూ వరి పొలాలే, పయేయ్య అనే పేరున్న అన్నం వంటకం పుట్టింది ఆ ప్రాంతంలోనే. ‘అర్రోథ్’ ప్రతి కొట్లోనూ ఉంటుంది. ‘లెంతేహస్’ అని మసూర్ పప్పు లాంటివీ దొరుకుతాయి. కందిపప్పు మాత్రం మన దేశపు సరుకులమ్మే కొట్లో వెతకాలి.

మందులు చేతి సంచిలో, డాక్టరు చీటీతో. చీటీ ‘రెథేత’, మాత్రలు ‘పస్తీయస్’. చీటీలో కంపెనీ పేరు కాకుండా మందు అసలు పేరు రాయించుకోండి, అక్కడి ఫార్మసిస్టుకు అదే అర్థమవుతుంది. బీపీని వాళ్లు ‘తెన్సియోన్’ అంటారు. ‘తోమొ ఎస్త పస్తీయ పార లా తెన్సియోన్’ అంటే ఈ మాత్ర బీపీకి వేసుకుంటాను అని. మనం టెన్షన్ అనే దానికి వాళ్ల మాట వేరే. ఆకుపచ్చ శిలువ గుర్తు ఉన్నది ‘ఫర్మాథియ’, మందులు అక్కడే. ‘ద్రొగెరీయ’ అని బోర్డు చూసి మందుల షాపనుకునేరు. స్పెయిన్‌లో అది సర్ఫు, షాంపూ, ఫినాయిలు అమ్మే కొట్టు. కొలంబియాలో అదే మాట మందుల షాపు.

మరిచిపోయిన సరుకు కొనడానికి ఇంకో రెండు బోర్డులు గుర్తుంచుకోండి: ‘ఫెర్రెతెరీయ’ ఇనుప సామాను కొట్టు, ‘బథార్’ అన్ని రకాల చవక వస్తువులూ దొరికే కొట్టు. ప్లగ్గు అడాప్టరు ఈ రెండింట్లో దేన్లోనైనా అడగండి. ప్లగ్గుకూ సాకెట్టుకూ ఒకే మాట, ‘ఎన్చూఫె’. పలుకుబడి ఉన్న బంధువు ద్వారా ఉద్యోగం వచ్చినవాణ్ని కూడా వాళ్లు ‘ఎన్చూఫె ఉంది’ అంటారు, అది మనకు తెలియని విద్య కాదు. కరెంటు అక్కడా 230 వోల్టులు, 50 హెర్ట్జ్‌లే, కాబట్టి మిక్సీ మాడిపోదు. సన్నటి రెండు గుండ్రటి పుల్లల ప్లగ్గు నేరుగా దూరుతుంది, మన మూడు పుల్లలది దూరదు. కొట్లో ఒకే వాక్యంతో అన్నీ అడగవచ్చు: ‘బూస్కొ...’, నేను వెతుకుతున్నది ఫలానా. ‘బూస్కొ ఉన్ థెపీయొ దె దియేంతెస్’, పళ్ల బ్రష్షు. ‘బూస్కొ ఉన్ కొర్తఊఞస్’, గోళ్లు కత్తిరించేది. ఈ రెండో మాటను విడగొడితే ‘గోళ్లు కోసేది’ అనే వస్తుంది. గొడుగు ‘పరాగ్వస్’ కూడా అలాంటిదే, ‘నీళ్లను ఆపేది’. క్రియ, నామం అతికించి వస్తువు పేరు చేసే ఈ పద్ధతి పట్టుకుంటే చాలా మాటలు వాటంతటవే విడిపోతాయి. అన్నట్టు బట్టల కొలత ‘తాయ’, చెప్పుల కొలత ‘నూమెరొ’. ఇక్కడ 6వ నంబరు చెప్పులు వేసుకుంటే అక్కడ 39, 40 దగ్గర చూడండి. శానిటరీ ప్యాడ్లు ‘కొంప్రేసస్’.

గొడుగు మాట వచ్చింది కాబట్టి: సెప్టెంబరులో వాలెన్సియా వేడిగానే ఉంటుంది, కానీ అక్కడ కుండపోత వానలు శరదృతువులోనే. 2024 అక్టోబరు 29న ఆ జిల్లాలో వచ్చిన వరద టీవీల్లో మీరూ చూసే ఉంటారు. వార్తల్లో ‘దాన’ అన్న మాట వింటే ఆ రకపు వాన గాలి అని అర్థం, ఫోనుకు హెచ్చరిక వస్తే ఇంట్లోనే ఉండండి. పెట్టెలో ఒక ‘చుబస్కేరొ’, అంటే టోపీ ఉన్న వాన కోటు, నవంబరుకు ఒక ‘హెర్సేయ్’, ఒక ‘చకేత’ చాలు. మంచు కోట్లు మోయకండి.

హైదరాబాద్ నుంచి వాలెన్సియాకు నేరుగా విమానం లేదు. దారిలో మారాలి, మారిన చోట పెట్టె వెనకబడే అవకాశం ఉంటుంది. అందుకే ఈ ముక్క అన్నిటికంటే ముందు నేర్చుకోండి అంటాను. వాలెన్సియా విమానాశ్రయంలో బోర్డుల మీద స్పానిష్‌తో పాటు వాలెన్సియన్ భాష కూడా ఉంటుంది, బయటికి దారి ‘సలీద’ పక్కనే ‘ఎయ్షీద’ అని కనిపిస్తుంది. కంగారు పడకండి, రెండూ ఒకటే. బెల్టు మీద మీ పెట్టె రాకపోతే ఎయిర్‌లైన్ డెస్కు దగ్గర ‘మీ మలేత నొ ఆ యెగాదొ’ అనండి, నా పెట్టె రాలేదు. వాళ్లు నింపే కాగితం పేరు ‘పార్తె దె ఇర్రెగులరిదాద్ దె ఎకిపాహె’, పొట్టిగా పీఐఆర్. ఆ కాగితం చేతికి రాకుండా విమానాశ్రయం దాటకండి. పెట్టె ఇచ్చినప్పుడు బోర్డింగు పాసుకు అంటించే చిన్న ముక్క ‘రెస్గ్వార్దొ’, దాన్ని అడుగుతారు. విరిగిన పెట్టెకు అందిన 7 రోజుల్లో, ఆలస్యంగా వచ్చినదానికి అందిన 21 రోజుల్లో లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి, మాంట్రియల్ ఒప్పందం నిబంధన అది.

పెట్టె ఎలా ఉంటుందో చెప్పమంటారు. రంగు ఇక్కడే తప్పకూడదు, ఎందుకంటే రంగు స్త్రీ పురుష లింగాలను బట్టి మారుతుంది: ‘మలేత నేగ్ర’, కానీ ‘బోల్సొ నేగ్రొ’. నీలం ‘అథూల్’ మాత్రం మారదు. గట్టి డబ్బా పెట్టె ‘రీహిద’, బట్ట పెట్టె ‘బ్లాంద’. చక్రాలు ‘రువేదస్’, పిడి ‘ఆస’, జిప్పు ‘క్రెమయేర’, తాళం కప్ప ‘కందాదొ’. మీ పెట్టెను ఇప్పుడే ఫోనులో ఫోటో తీసి, దాని గురించి మూడు వాక్యాలు కాగితం మీద రాసుకోండి. ఉదాహరణకు: ‘ఎస్ ఉన మలేత గ్రాందె, అథూల్, రీహిద. తియేనె క్వాత్రొ రువేదస్. యేబ ఉన థీంత రోహ ఎన్ ఎల్ ఆస.’ పెద్దది, నీలం, గట్టిది, నాలుగు చక్రాలు, పిడికి ఎర్ర రిబ్బను. రిబ్బను నిజంగానే కట్టండి.

సాధన ఎలాగంటే, ఇంట్లో ఒక మంచం మీద వెళ్లాల్సిన వస్తువులు మాత్రమే పరిచి, ఒక్కో వస్తువు పెట్టెలో పెడుతూ పైకి అనండి: ‘మేతొ లా తొఆయ’, ‘మేతొ ఎల్ కర్గదోర్’. తీసేటప్పుడు ‘సాకొ’. చేత్తో ముట్టుకుంటూ అన్న మాట, తెరమీద చూసిన మాట కంటే గట్టిగా నిలుస్తుంది. సర్దడం ఎలాగూ రెండు మూడుసార్లు తప్పదు, బరువు సరిపోక తీసి మళ్లీ పెడతారు కదా. తూచినప్పుడు అంకెలు కూడా వస్తాయి: ‘పేస బెయ్న్తిత్రేస్ కీలొస్’, 23 కిలోలు. సాయంత్రం వీడియో కాల్‌లో అమ్మాయిని ప్రశ్నలు అడగమనండి. ‘యేబస్ ఎల్ పసపోర్తె?’ అంటే ‘సీ, లొ యేబొ’. ‘యేబస్ లా కర్పేత?’ అంటే ‘సీ, లా యేబొ’. లొ, లా సరిగ్గా పడుతున్నాయో లేదో తను సరిచేస్తుంది. చెల్లెలికో వదినకో చూపిస్తూ కూడా చేయవచ్చు, నవ్వుతారు గానీ మాటలు నిలుస్తాయి. యాప్‌ను తీసేయమనడం లేదు. కానీ ఆ వంద మాటల పాఠం మీద ఇంక సమయం పోయకండి, తర్వాతి పాఠానికి వెళ్లిపోండి.

తిరుగు ప్రయాణానికి ఒక్క మాట. అక్కడ కొన్నవాటి మీద కట్టిన పన్నును, ‘ఈబ’ను, యూరోపియన్ యూనియన్ బయట నివసించేవాళ్లు వెనక్కి తీసుకోవచ్చు. కొన్నప్పుడే పాస్‌పోర్టు చూపించి ‘కియేరొ లా దెబొలుథియోన్ దెల్ ఈబ’ అని అడిగితే దానికి వేరే కాగితం ఇస్తారు. కొన్న 3 నెలల్లోపు వస్తువు యూనియన్ దాటి వెళ్లాలి. విమానాశ్రయంలో ‘దీబ’ అనే యంత్రం దగ్గర ఆ కాగితం స్కాన్ చేయాలి, వస్తువు చూపించమని అడగవచ్చు కాబట్టి పెట్టెను ‘ఫక్తురార్’ చేయకముందే అక్కడికి వెళ్లండి. మీరు వచ్చే దారిలో ఇంకో యూరప్ దేశంలో విమానం మారితే, యూనియన్‌ను విడిచే చివరి విమానాశ్రయంలో ఆ పని పూర్తి చేయాల్సి రావచ్చు. వాలెన్సియాలో కౌంటరు దగ్గరే అడిగి తేల్చుకోండి: ‘దోందె ఎస్తా లా మాకిన దీబ?’, దీబ యంత్రం ఎక్కడ ఉంది?